ఒక్క కుర్చీ, రెండు మిషన్లు

ఆదోని,
జూన్ 1988.

పార్వతక్కా, సలాం.

బెంగుళూరు నుంచి వచ్చి నెల కావస్తోంది. అక్కడ ఒకే గదిలో నీ గురక వింటూ పడుకున్న అలవాటుకి, ఇప్పుడు మా ఇంట్లో చప్పుడు లేక నిద్ర పట్టడం లేదు. నవ్వకు, నిజం.

మన సేటు చేసిన పని చూశావా? ఇద్దరినీ ఒకే చోట కంప్యూటరు చదివించాడు, తన రెండు మిల్లులకు మాత్రం రెండు రకాల మిషన్లు కొన్నాడు. ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొనడమే ఆయనకు తెలిసిన విద్య. ఇక్కడ పత్తి గింజలు తీసే మా జిన్నింగు మిల్లుకు యూనిక్స్ కంప్యూటరు, అక్కడ మీ బట్టల మిల్లుకు వి.ఎం.ఎస్. కంప్యూటరు. పైకి రెండూ ఇనప బీరువాల్లాగే ఉంటాయి. లోపల నడిపించే పద్ధతి వేరైతే భాషే వేరు కదా. నీకు అక్కడ వచ్చిన మాట ఇక్కడ చెల్లదు.

నా మిషన్ పరమ మూగది. చెప్పింది చేస్తుంది, చేశానని మాత్రం చెప్పదు. నిన్న ఒక ఫైలు చెరిపెయ్యమన్నాను. చెరిపేసింది. 'నిజంగానేనా?' అని ఒక్క మాట అడగొద్దా! అది పనికిరాని ఫైలు కాబట్టి బతికిపోయాను. 'రూట్' అనే పేరుతో లోపలికి పోతే ఇంక నన్ను ఆపేవాడు లేడు. నాకు భయమంతా అదే.

మిల్లు మొత్తానికి ఏసీ ఉన్నది నా గదికే. మేనేజరు బసవన్న సారు మధ్యాహ్నం అన్నం తిని, 'మిషన్ ఎట్లుందో సూసిపోదామని వచ్చినా పాపా' అంటూ వచ్చి, కుర్చీలో కునుకు తీసి పోతాడు.

అసలు సంగతికి వస్తాను. నా ఉద్యోగం జనవరికి గానీ ఖాయం కాదు. మా అమ్మ గుంతకల్లు సంబంధం పట్టుకుని వదలడం లేదు. వాళ్ళు మంచివాళ్ళే, కానీ కోడలు పనికి పోవడం వాళ్ళ ఇంటా వంటా లేదట. మా అబ్బా దూది ఏకే విల్లు పక్కన పెట్టి నాతో అన్నాడు: "బేటా, నీ కొలువు ఖాయమైతే నేనే పోయి వాళ్లకి వద్దని సెప్పొస్తా. కాలేదనుకో, మీ అమ్మకు అడ్డం సెప్పేకి నాకు నోరుండదు."

నాకు ఈ మూగదే కావాలక్కా. ఎవరు అరిచి గీపెట్టినా సరే, ఈ గది వదిలి గుంతకల్లు పోను. నీ మిషన్ ఎలా ఉందో రాయి.

నీ
మహమూద

*

ఎమ్మిగనూరు,
జులై 1988.

ఓసి మహమూదా,

నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను, బుద్ధి తక్కువై. గురక దగ్గరికి రాగానే మగ్గం ఆపి, "పెండ్లయినప్పటి నుంచి నేను సెప్తాండా, నమ్మితివా?" అని ఒకటే నవ్వు. నీ నోట్లో మన్ను పడ. ఇంక ఈ ఇంట్లో నాకు మర్యాద లేదు.

నా మిషన్ నీ దానికి పూర్తిగా ఎదురు. నోరు మూయదు. ఏం తెలియకపోయినా 'హెల్ప్' అని కొడితే చాలు, పేజీలకు పేజీలు చెబుతుంది. దాన్ని ఆపాలన్నా ఎన్ని నిమిషాల్లో ఆపాలి, ఎందుకు ఆపుతున్నావు అని కారణం అడుగుతుంది. మొన్న 'ఊరికే' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఒప్పుకుంది!

ఇంకో చిత్రం. పాత ఫైలు మీద కొత్తది రాస్తే పాతది పోదు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి అన్నీ దాచుకుంటుంది. మా అత్త రంగమ్మ చిల్లు చెంబులు అటక మీద దాచినట్టే. డిస్కు నిండిపోయినప్పుడు నేనే పాతవి ఏరి పారేయాలి. అందుకే నాకు దాని దగ్గర భయం లేదు. అది ఏదైనా అడిగి నాకు అర్థం కాలేదనుకో, 'ఔను' అంటాను. ఇంతవరకు ఏమీ పోలేదు. నువ్వూ అంతగా బెదరకు. మిషన్ నోరు తెరిచి అడిగిందంటే మన మంచికే అడుగుతుంది, ఔననెయ్యి.

గుంతకల్లు వాళ్ళ సంగతి మీ అబ్బాకు వదిలెయ్యి. మీ నాన్న యూసుఫ్ సాబ్ మాటంటే మాటే. జనవరి దాకా నువ్వు తలెత్తకుండా పని చెయ్యి, చాలు.

అన్నం వేళకు తింటున్నావా? బెంగుళూరులో నేను తిడితే గానీ తినేదానివి కాదు.

పార్వతి

*

ఆదోని,
ఆగస్టు 1988.

పార్వతక్కా,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. దాచిపెట్టి నీకు మామూలుగా ఉత్తరాలు రాయడం నా వల్ల కాదు.

నిన్న బసవన్న సారు కునుకు తీయలేదు. కూర్చుని చెప్పాడు: "సేటు లెక్క ఇదీ పాపా. రెండు మిల్లులకీ ఒక్క మనిషి సాలంట. వారంలో మూడు దినాలు ఈడ, మూడు దినాలు ఆడ. మీ ఇద్దర్లో ఎవరికి రెండు మిషన్లూ బాగొస్తే వాళ్లని జనవరిలో ఖాయం సేస్తాడు. రెండో మనిషిని ఇంటికి పంపిస్తాడు."

ఒక్కటే కుర్చీ అక్కా. నేను యూనిక్స్ నేర్చుకుంటే చాలదు, నీ వి.ఎం.ఎస్. కూడా నేర్చుకోవాలి. నేర్పేవాళ్ళు ఈ జిల్లాలో నువ్వు తప్ప ఇంకెవరున్నారు? నీకూ నేను తప్ప ఎవరున్నారు? నేను నేర్పితే నా కుర్చీ నీకు పోతుంది. నువ్వు నేర్పితే నీ కుర్చీ నాకు వస్తుంది. సేటు మనిద్దరినీ కోడిపుంజుల్లాగా దించాడు.

ఉత్తరాలు మానేద్దామంటావా? నువ్వు ఎలా అంటే అలా. కానీ మానేద్దామని మాత్రం అనకు.

మహమూద

*

ఎమ్మిగనూరు,
ఆగస్టు 1988.

పిచ్చి మహమూదా,

నాకు నీకంటే ముందే తెలుసు. మా మిల్లులో పోయిన నెలలోనే చెప్పారు. నీకు రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. నువ్వు బెదిరిపోయి అన్నం మానేస్తావని చెప్పలేదు. ఇప్పుడు నువ్వే చెప్పావు కాబట్టి నా గుండె తేలికైంది.

నాకూ ఆ కుర్చీ కావాలి. లేదని అబద్ధమాడను. మా ఆయన మగ్గం మీద ఇల్లు గడుస్తుంది, అది వేరే సంగతి. ఆ చల్లటి గదిలో కూర్చుంటే నేను ఎవరి కోడల్నీ కాదు, ఎవరి పెళ్లాన్నీ కాదు. మిల్లంతా నా కోసం ఎదురుచూస్తుంది. ముప్పై ఏళ్లకు దొరికింది నాకిది. ఊరికే వదులుకుంటానా?

అయినా ఉత్తరాలు మానం. ఒక్క ఒప్పందం చేసుకుందాం. మిషన్ గురించి ఎవరికి తెలిసింది వాళ్ళు అంతా రాయాలి, ఒక్క ముక్క కూడా దాచకూడదు. ఆ తర్వాత సేటు ఎవరిని ఉంచితే వాళ్ళు ఉంటారు. రెండో మనిషి ఏడవాలంటే మొదటి మనిషి భుజం మీదే ఏడవాలి. సరేనా?

సరే అయితే పాఠం రాసుకో. నా మిషన్ మీద ఎవరికైనా కొత్తగా పేరు ఇవ్వాలంటే 'ఆథరైజ్' అనే ప్రోగ్రాములోకి పోవాలి. ఎవరికి ఎంత చోటు, ఏ ఫైళ్ళు చూడొచ్చు, ఏవి ముట్టుకోకూడదు, అన్నీ అక్కడే. వివరంగా వేరే కాగితాల్లో రాశాను. నీ వైపు నుంచి ఇవన్నీ ఎలా చేస్తారో రాయి.

పార్వతి

*

ఆదోని,
సెప్టెంబరు 1988.

నా పార్వతక్కకు,

మొన్న మీరంతా మంత్రాలయం పోయి, ఆదోని మీదుగా చుట్టు తిరిగి మా ఇంటికీ మిల్లుకూ వచ్చినందుకు అబ్బా ఇంకా మురిసిపోతున్నాడు. మీ ఆయన దూది విల్లు పట్టుకుని కొట్టబోయి వీధంతా దూది చేసిన సంగతి అమ్మ అందరికీ చెబుతోంది.

నువ్వు నా మిషన్ ముందు కూర్చున్నప్పుడు చూడాలి! నువ్వు నీ అలవాటుగా ఫైళ్ళ పేర్ల కోసం 'డైరెక్టరీ' అని కొట్టడం, అది 'నాట్ ఫౌండ్' అని ఊరుకోవడం, నువ్వు దాన్ని 'దీనికి పొగరు సూడు' అని తిట్టడం! రెండక్షరాలు చాలక్కా దీనికి. మాటలు పొదుపు చేసే మనిషితో కాపురం అనుకో.

అయినా సాయంత్రానికి నువ్వు నా అంత వేగంగా కొట్టేశావు. బసవన్న సారు వెనక నిలబడి చూస్తున్నాడు. నాకు గర్వంగానూ ఉంది, అంత బాగా ఎందుకు నేర్పానా అనీ ఉంది. ఒప్పందం ప్రకారం ఇది కూడా దాచడం లేదు.

టేపు మీద నకలు తీసే మిషన్ చెడిపోయి ఉంది. సామాను బెంగుళూరు నుంచి రావాలట. నకలు లేకుండా కొత్త పత్తి తూకాలన్నీ ఎక్కిస్తున్నాను. అల్లా మీద భారం.

మహమూద

*

ఆదోని,
అక్టోబరు 1988.

పార్వతమ్మ గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. జరిగింది మీకు తెలియడం మంచిదని రాస్తున్నాను.

ఆయుధపూజ నాడు మా మిల్లులో మెయిన్ స్విచ్ దించి, మిషన్లన్నిటికీ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. నేను మధ్యాహ్నం వచ్చి కంప్యూటరు పద్ధతిగా ఆపుదామనుకున్నాను. ముహూర్తం పొద్దునకు జరిపారట, నాకు చెప్పలేదు. మా ఫోర్‌మన్ తిక్కయ్య స్విచ్ దించేశాడు. ఈ మిషన్ రాయాల్సింది కొంతసేపు మనసులో పెట్టుకుని, తర్వాత డిస్కు మీద రాస్తుంది. ఆ మధ్యలో కరెంటు పోయింది. తిక్కయ్యను తప్పుపట్టలేను. "పని సేస్తాండే దానికి బొట్టు పెట్టకూడదు తల్లీ, దానికీ ఒకదినం రెస్టుండాల గదా" అన్నాడు. దాని మీద విభూతి పట్టెలు కూడా దిద్దాడు.

తిరిగి వేశాక డిస్కు సరిచూసే ప్రోగ్రాము నడిపాను. అది ఒక్కొక్క ఫైలు గురించి అడుగుతూ పోయింది. నేను జవాబు చెప్పడంలో పొరపాటు చేశాను. కొన్ని ఫైళ్ళు పేర్లు పోయి దొరికాయి. సెప్టెంబరు నెల పత్తి తూకాల ఫైలు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. పొరపాటు నాది, వేరెవరిదీ కాదు.

విచారణ జరుగుతోంది. కొన్నాళ్లు నాకు ఉత్తరాలు రాయవద్దు. నేను రాసిన పాతవి ఉంటే కాల్చెయ్యండి.

ఇట్లు,
మహమూదా బీ

*

ఎమ్మిగనూరు,
అక్టోబరు 1988.

మహమూదా,

'గారు' ఏందే? 'క్షేమమని తలుస్తాను' ఏందే? ఆ ఉత్తరం చూసి మా అత్త, 'ఏమ్మే, ఎవరు పోయినారు?' అని అడిగింది, నా ముఖం అట్లా ఉంది.

నువ్వు ఏం దాచావో నాకు చదవగానే తెలిసింది. ఎప్పుడూ ఏమీ అడగని నీ మిషన్ ఆ రోజు అడిగింది. 'తుడిచెయ్యమంటావా?' అని అడిగింది. నువ్వు ఔనన్నావు. ఎవరు చెబితే అన్నావు? జులైలో నేను రాశాను, అడిగితే ఔననెయ్యమని. నా మిషన్ మీద ఔనంటే ఏమీ పోదు, పాతది ఎక్కడో ఒకచోట ఉంటుంది. నీ దాని మీద ఔనంటే పోయిందే పోవడం. ఆ తేడా నాకు తెలియకుండానే పెద్ద మనిషిలాగా సలహా రాసి పంపాను.

నిన్న తిక్కయ్య చుట్టాలింటికి వచ్చి, మా మిల్లు గేటు దగ్గర నన్ను పిలిపించాడు. పాపం, మనిషి సగమైపోయాడు. అన్నీ చెప్పాడు. "మీరిద్దరు జాబులు రాసుకుంటాండేది తెలిసి బసవన్న సారు ఒక కాగితం రాసియ్యమంటాండాడమ్మా. ఎమ్మిగనూరామె కావాలనే తప్పు సలహా ఇచ్చిందని రాస్తే నీ కొలువు నిలబడ్తాది, లేకుంటే ఈ దినమే ఇంటికి పో అంటాండాడు. ఆ పాప సచ్చినా రాయనంటాంది" అన్నాడు.

అందుకా ఆ 'గారు'? నా ఉత్తరాలు బయటపడితే నాకు ముప్పని, నాతో నీకు ఏ సంబంధం లేనట్టు నటిస్తున్నావా? నటన నీకు చేతకాదు, బెంగుళూరులోనే చూశాను.

రేపు పొద్దున బస్సుకు ఆదోనికి వస్తున్నాను. నీ దగ్గరికి కాదు, సేటు దగ్గరికి. నన్ను ఆపాలని చూడకు, ఈ ఉత్తరం నీకు చేరేసరికి పోయి వచ్చేసి ఉంటాను.

నీ పార్వతక్క

*

ఆదోని,
నవంబరు 1988.

అక్కా,

నిన్ను ఎవరు రమ్మన్నారు? ఎవరు అడిగారు నిన్ను? ఇన్ని దినాలుగా నీ మీద కోపంతో కాగితం ముట్టుకోలేదు.

నేను పంటి బిగువున నీ పేరు రానివ్వకుండా ఉంటే, నువ్వు నేరుగా పోయి ఆయన ముందు నిలబడి, 'ఆ మాట నాదే, కావాలని చెప్పింది కాదు, తెలియక చెప్పాను, ఆ పిల్ల నమ్మి చేసింది' అంటావా? సేటు ఏమన్నాడో బసవన్న సారు చెప్పాడు: "ఉన్నదున్నట్టు సెప్పింది, మంచిదే. ఆదోని పాప తప్పు లేదు, ఆ పాపను ఖాయం సేయండి. రెండు మిషన్ల తేడా తెలీనామెకి రెండు మిల్లులు ఎట్లిచ్చేది?"

తేడా నాకు మాత్రం తెలుసా? తెలిస్తే ఔనంటానా? ఈ మాట నేను కూడా పోయి చెప్పాను. సేటు చెయ్యి ఊపి పొమ్మన్నాడు. ఆయనకు ఒక్క మనిషి కావాలి, దొరికింది. ఎవరైతే ఆయనకేం?

తూకాలు తిరిగి ఎక్కించాం. తిక్కయ్య ఊరూరూ సైకిలు మీద తిరిగి, ఆస్పరి దాకా పోయి, రైతుల దగ్గరున్న తూకం చీటీలు అడిగి తెచ్చాడు. అదైతే అయిపోయింది. పోయిన నీ కుర్చీ ఎలా తిరిగి వస్తుంది?

నాకు ఆ కుర్చీ ఇలా వద్దు. పోయి రాజీనామా ఇచ్చేస్తాను.

మహమూద

*

ఎమ్మిగనూరు,
డిసెంబరు 1988.

నా బంగారు తల్లికి,

రాజీనామా ఇచ్చావంటే నీ జుట్టు పట్టుకుని ఆదోని బజారులో ఈడుస్తాను. ఇద్దరం ఇంట్లో కూర్చుంటే సేటుకి ఏం పోతుంది? బెంగుళూరు నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకుంటాడు. నువ్వేమో గుంతకల్లులో గిన్నెలు తోముతూ నాకు ఉత్తరాలు రాస్తావు. అవి చదివే ఓపిక నాకు లేదు.

నీ కోసం త్యాగం చేశానని అనుకోకు. అంత మంచిదాన్ని కాను. నా పేరు చెప్పకుండా నువ్వు మాటలు పడుతుంటే, అది తెలిసి నేను చల్లటి గదిలో కూర్చోలేకపోయాను, అంతే. కుర్చీ పోతుందని తెలిసే వెళ్లాను. వచ్చేటప్పుడు బస్సులో ఎమ్మిగనూరు దాకా ఏడ్చాను. ఇప్పుడూ బాధగానే ఉంది. ఉండదా మరి?

అయినా నన్ను మరీ బికారిని చెయ్యకు. రెండు మిషన్లు నడపడం వచ్చు నాకు. ఒకటి బెంగుళూరులో నేర్పారు, ఒకటి నువ్వు నేర్పావు. ఆదోనిలోనో కర్నూలులోనో ఇంకో మిల్లువాడు కొనకపోతాడా? మూడో రకం కొన్నా నేర్చుకుంటాను.

ఇక నా గది అప్పగింతలు. ఏసీ కింద నీళ్ళు కారతాయి, డబ్బా పెట్టు. డిస్కు ముప్పాతిక నిండగానే పాతవి తీసెయ్యి, నిండిపోయేదాకా ఆగితే మొండికేస్తుంది. శుక్రవారం టేపు మర్చిపోవద్దు, నమాజుకు టైమైతే పొద్దునే పెట్టేసుకో. నెల చివర జీతాల లెక్క నడిచేటప్పుడు ఎవరు వచ్చి పిలిచినా లేవకు. ఊడ్చే హనుమక్కకు టీ ఇప్పించు, ఆమె లేకపోతే ఆ గదిలో దుమ్ము ఆగదు. సిస్టమ్ పాస్‌వర్డు కాగితం మీద రాయను, మనిషిని పంపు, చెవిలో చెబుతాను. చెప్పగానే మార్చెయ్యి.

ఆఖరి పని ఒకటి. మిషన్ మీద నుంచి నా పేరు తీసెయ్యి. పని మానేసిన మనిషి పేరు లోపల ఉండకూడదు, అది మంచి పద్ధతి కాదు. నిన్న నేనే తీసేద్దామని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. నువ్వు తీసెయ్యి.

పార్వతి

*

ఎమ్మిగనూరు,
జనవరి 1989.

పార్వతక్కా,

పైన ఊరి పేరు చూసి తప్పు రాశాననుకోకు. మీ మిల్లులో, నీ గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడి నుంచి మీ ఇంటికి రెండు వీధులే. నడిచి రావడానికి ధైర్యం చాలక పోస్టులో వేస్తున్నాను.

అబ్బా గుంతకల్లు పోయి వద్దని చెప్పి వచ్చాడు. అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు, మూడోరోజు పాయసం చేసింది. నా ఉద్యోగం ఖాయమైన కాగితం చేతికి వచ్చింది. జూన్ నుంచి దీనికోసమే కదా అల్లాడిపోయాను. సంతోషం వస్తుందేమోనని చూస్తున్నాను. ఇంకా రాలేదు.

పొద్దున హనుమక్క తలుపు తీసి నన్ను చూసి, "పార్వతమ్మ లీవులో పోయినాదా? ఎప్పుడొస్తాది?" అంది. టీ తెప్పించి ఇచ్చాను. తాగుతూ నీ గురించే చెప్పుకుంటూ కూర్చుంది.

తర్వాత నువ్వు చెప్పిన పని చేశాను. వేరే ఏ పనీ ముట్టుకోకముందే చేశాను, లేకపోతే రేపు రేపని ఎప్పటికీ చెయ్యనని నాకు తెలుసు. ముందు నీ ఫైళ్ళన్నీ టేపు మీద ఎక్కించి నీ కోసం పక్కన పెట్టాను. ఆథరైజ్‌లోకి పోయి పేరు తీసేసే మాట కొట్టాను. ఎంతసేపు పడుతుంది? రెప్పపాటు. వెంటనే పేర్లన్నీ వరసగా తీసి చూశాను. అకౌంట్సు వాళ్ళు ఉన్నారు, స్టోర్సు వాళ్ళు ఉన్నారు, నేను ఉన్నాను. నువ్వు లేవు. నువ్వు నీ చేత్తో నేర్పిన పనితో నిన్నే తీసేశానక్కా. బయటికి పోయి బట్టల బేళ్ళ చాటున నిలబడి ఏడ్చాను. కుర్చీ దొరికిన మనిషి భుజం మీదే రెండో మనిషి ఏడవాలని రాసుకున్నాం కదా. నువ్వు రాలేదు, నేనే ఏడ్చుకున్నాను.

ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. నీ కుర్చీలో కూర్చున్నదాని ముఖం చూడబుద్ధి కాకపోతే చూడకు. తిట్టాలనిపిస్తే మీ అత్త, మీ ఆయన వింటుండగానే తిట్టు. తలుపు మాత్రం తియ్యి.

మహమూద